బ్యాంకుల మధ్య అప్పుల్లో మనకు చోటుందా?

మొన్న శుక్రవారం నజ్మాలో ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలయ్యాక ఒక తమ్ముడు నాకు వాట్సాప్ మెసేజ్ చూపించాడు. బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకునే అప్పుల్లో మనం కూడా డబ్బు పెట్టొచ్చట, నెలకు 5 శాతం లాభమట. "పర్సనల్ లోన్ తీసి పెడదామనుకుంటున్నా, ఏమంటావన్నా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో ఇక్కడ కూడా చెబుతున్నాను.

ఒక బ్యాంకు దగ్గర ఈ రోజు డబ్బు మిగులుతుంది, ఇంకో బ్యాంకుకు తక్కువ పడుతుంది. ఒక్క రాత్రికో, కొన్ని వారాలకో సర్దుకుంటాయి. ఖతర్‌లో ఈ అప్పుల ప్రామాణిక వడ్డీ రేటు పేరు కైబార్. చాలాసార్లు తాకట్టు కూడా ఉండదు, తీసుకునే బ్యాంకు మీద నమ్మకమే హామీ. అందుకే బయటివాళ్లను అంత తేలిగ్గా రానివ్వరు.

రానిస్తే ఏమవుతుందో మన దేశం 1992లో చూసింది. బ్యాంకుల మధ్య సెక్యూరిటీల లావాదేవీల్లో బ్రోకరుగా దూరిన హర్షద్ మెహతా ఆ డబ్బును షేర్ మార్కెట్‌కు మళ్లించాడు. వెనకాల సెక్యూరిటీలే లేని బ్యాంకు రసీదులు బయటపడ్డాయి. రిజర్వ్ బ్యాంకు జానకిరామన్ కమిటీ వేసింది, ఆ తర్వాత బ్రోకర్లకు కళ్లెం వేసింది. ఒక్క బ్రోకరు ద్వారా జరిగే వ్యాపారం ఏడాది మొత్తంలో 5 శాతం దాటకూడదంది. కాల్ మనీ మార్కెట్‌లో ఎల్ఐసీ, యూటీఐలకు 1971 నుంచి అప్పిచ్చే వీలుండేది. దాన్నీ దశలవారీగా తగ్గిస్తూ వచ్చి, 2005 ఆగస్టు నుంచి బ్యాంకులకు, ప్రైమరీ డీలర్లకు మాత్రమే పరిమితం చేశారు. ఎల్ఐసీకే మూసిన తలుపు మన జీతం డబ్బుకు తెరుచుకుంటుందా?

ఖతర్ సంగతికొస్తే, 2017 జూన్‌లో పొరుగు దేశాలు సంబంధాలు తెంచుకున్నప్పుడు అక్కడి బ్యాంకులు తమ డిపాజిట్లు వెనక్కి తీసుకోసాగాయి. ఆ లోటు పూడ్చింది ఖతర్ సెంట్రల్ బ్యాంకు, ప్రభుత్వ పెట్టుబడి సంస్థ. వాట్సాప్ గ్రూపులో చందాలెత్తి కాదు!

2012 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇక్కడ ఆర్థిక సేవలు అందించడం నేరం. కాబట్టి ఎవరైనా ఇలాంటి పథకం చెబితే ముందు లైసెన్సు ఎవరిచ్చారో అడగండి. సెంట్రల్ బ్యాంకు తన వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్న సంస్థల పేర్లు పెడుతుంది. ఖతర్ ఫైనాన్షియల్ సెంటర్ కింద ఉన్నామంటే దానికి వేరే నియంత్రణ సంస్థ ఉంది, అక్కడా పేరు వెతకండి.

లోన్ తీసి పెట్టడం మరీ ప్రమాదం. వాయిదాలు ఆగితే, చెక్కు బౌన్సయితే కేసు పడుతుంది, ట్రావెల్ బ్యాన్ కూడా రావొచ్చు. పథకం మాయమైనా వాయిదా మాత్రం నెలనెలా మీ జీతంలోంచే పోతుంది.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్లుంటే చాట్‌లు, రసీదులు చెరిపేయకండి. అవి పట్టుకుని ఈ రోజే మీ బ్యాంకుకు, పోలీసులకు చెప్పండి.