ఖమ్మం–భద్రాచలం అటవీ సీమ: డిజిటల్ ఛాయాచిత్ర సేకరణలు, వివరాల నమోదు

గోదావరికి రెండు గట్ల మీదా ఉన్న కోయ, కొండరెడ్డి పల్లెల ఫొటోలను బోధనకూ పరిశోధనకూ పనికివచ్చేలా డిజిటల్ రూపంలో భద్రపరచడం, ప్రతి బొమ్మకూ ఊరు, తేదీ, మనుషులు, హక్కుల వంటి వివరాలను (మెటాడేటా) జతచేయడం ఈ వ్యాస విషయం. ఈ ప్రాంతంలో స్కానింగ్ కంటే ఊరి పేరు సరిగ్గా రాయడమే కష్టమైన పని.

ఈ సీమకు సంబంధించిన పాత సేకరణల్లో ముఖ్యమైనది లండన్‌లో ఉంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909–1995) రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టుతో భారతదేశంలో చిక్కుకున్నాడు. శత్రుదేశస్థుడని బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను హైదరాబాద్ సంస్థానం దాటిపోకుండా కట్టడి చేసింది. ఆ కట్టడే తెలుగు ప్రాంతపు ఆదివాసీ అధ్యయనాలకు కలిసొచ్చింది. 1941లో భార్య ఎలిజబెత్‌తో కలిసి పాపికొండల్లో కొండరెడ్ల మధ్య పనిచేసి, ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ అనే గ్రంథాన్ని 1945లో ప్రచురించాడు. ఆయన ఫొటోలు, ఫిల్ములు, కాగితాలు లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఫొటోలను డిజిటైజ్ చేసి ఇంటర్నెట్‌లో చూసే వీలు కల్పించారు.

ఊరి పేరు చిక్కు

హైమన్‌డార్ఫ్ పనిచేసిన కొయిదా గ్రామాన్నే తీసుకుందాం. ఆయన పుస్తకంలో దీని పేరు ‘కొయిందా’. 1941 నాటికి ఇది హైదరాబాద్ సంస్థానంలోని వరంగల్ జిల్లాలో ఉంది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించినప్పుడు వేలేరుపాడు మండలంతో పాటు పశ్చిమ గోదావరికి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాకు మారింది. ఊరు కదల్లేదు, జిల్లాలే మారాయి. ఎడమ గట్టున భద్రాచలం తాలూకాది మరో దారి. మొదట మద్రాసు రాష్ట్రపు తూర్పు గోదావరి ఏజెన్సీలో భాగంగా ఉండి, 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టుపక్కల పల్లెలు చాలావరకు ఆంధ్రకు పోయాయి. 2016లో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది.

కాబట్టి ‘ఖమ్మం జిల్లా’ అని ఒక్క మాట రాసి వదిలేసిన ఫొటో, ఇప్పటి జిల్లా పేరుతో వెతికేవారికి దొరకదు. దీనికి మందు ఒకటే: స్థలానికి మూడు గడులు పెట్టుకోవాలి. ఫొటో వెనుకో పుస్తకంలోనో ఉన్న పేరును అక్షరం మార్చకుండా మొదటి గడిలో, నేటి గ్రామం, మండలం, జిల్లాలను నమోదు చేసిన తేదీతో సహా రెండో గడిలో, అక్షాంశ రేఖాంశాలను మూడో గడిలో రాయాలి. అంతర్జాతీయంగా వాడే డబ్లిన్ కోర్ ప్రమాణంలోని 15 అంశాల్లో స్థలకాలాలకు ఒకే అంశం (కవరేజ్) ఉంది. ఈ సీమకు అది చాలదు, కానీ ఒకే అంశాన్ని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

వీఆర్‌ఏ కోర్ అనే మరో ప్రమాణం వస్తువునూ దాని ఫొటోనూ విడివిడిగా నమోదు చేయమంటుంది. కోయల ఇలవేల్పుల పడిగెల (బొమ్మల జెండాల) విషయంలో ఇది ఎంతో అవసరం. పడిగె మీద బొమ్మ వేసిన కాలం వేరు, దాన్ని కెమెరాలో బంధించిన తేదీ వేరు. రెండూ ఒకే గడిలో పడితే పరిశోధన తప్పుదారి పడుతుంది.

ఫైళ్లు

మూల ప్రతిని టిఫ్ రూపంలో, చూపించడానికి వాడే ప్రతిని జేపెగ్ రూపంలో ఉంచడం ఆనవాయితీ. కెమెరా తనంతట తాను రాసుకునే తేదీ, సమయం, జీపీఎస్ వివరాలు (ఎక్సిఫ్) వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. క్షేత్ర పర్యటన ఫొటోలను గ్రూపులో సేకరించే అధ్యాపకులు విద్యార్థులకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఇదే. చిన్న సేకరణలకు ట్రోపీ, ఒమేకా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు సరిపోతాయి. ప్రతులన్నీ ఒకే భవనంలో పెట్టడం మాత్రం ఇక్కడ తెలివైన పని కాదు: 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. కనీసం ఒక ప్రతి వేరే ఊళ్లో ఉండాలి.

అనుమతులు

చట్టం కొంతవరకే దారి చూపుతుంది. 2012 సవరణ తర్వాత భారత చట్టంలో ఫొటోకు హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. తరగతిలో పాఠం కోసం చేసుకునే ప్రతులకు 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అదే బొమ్మను అందరికీ తెరిచి వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఆ మినహాయింపు ఉందనుకోకూడదు. ఇలవేల్పుల కొలుపు ఫొటోల సంగతి చట్టంతో తేలేది కాదు. ఎవరు ఏ బొమ్మ చూడవచ్చో ఆ సమాజమే నిర్ణయించేలా ఆస్ట్రేలియాలో వారుముంగు ఆదివాసులతో కలిసి రూపొందించిన ముకుర్తు సాఫ్ట్‌వేర్ ఇక్కడా అనుసరించదగింది. కిన్నెరసాని, పాపికొండల అడవుల్లో తీసిన అరుదైన జంతువుల ఫొటోలకైతే జీపీఎస్ వివరాలను బయటపెట్టకపోవడమే క్షేమం. ఐ–నాచురలిస్ట్ వేదిక ఆపదలో ఉన్న జాతుల స్థలాన్ని తానే మరుగుపరుస్తుంది.

మనుషుల పేర్ల గడి

పాత మానవశాస్త్ర ఫొటోల్లో ‘రెడ్డి స్త్రీ’, ‘కోయ యువకుడు’ వంటి శీర్షికలే తరచుగా కనిపిస్తాయి. తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ లోటును తీర్చగలిగేది ఊరివాళ్లే. 1941లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. ముంపు గ్రామాల కుటుంబాలు పునరావాస కాలనీలకు చెదిరిపోతున్నాయి. జిల్లా పేరును ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. ముఖాన్ని గుర్తుపట్టే పెద్దలు ఎల్లకాలం ఉండరు కనుక, ఏ సేకరణలోనైనా ముందుగా నింపాల్సిన గడి ఇది.