కడుపుకో తలుపు

పెళ్ళిభోజనం చేసొచ్చిన రాత్రి గుండెల్లో మంటెత్తితే, "నూనెసరుకు ఎక్కువైంది" అని తేల్చేసి మజ్జిగ తాగి పడుకోవడం మన ఇళ్ళలో మామూలే. బి.ఏ. చదివి కథలల్లుకునే నాకు కడుపు సంగతులెందుకంటారా? ఆ ఒక్క మాట రుజువు కావడానికి నూటయాభై ఏళ్ళు పట్టిందంటే చెప్పకుండా ఎలా ఉండను!

1822 జూన్ 6న అమెరికాలోని మాకినా దీవిలో, జంతుచర్మాల కంపెనీ దుకాణంలో తుపాకి పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలివాడి పొట్ట చీలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతన్ని బతికించాడు. ప్రాణం నిలిచింది గానీ కడుపుకి పడ్డ కన్నం మాత్రం పూడలేదు. 1825 నుంచి డాక్టరుగారు పట్టుదారానికి మాంసం, రొట్టె ముక్కలు కట్టి ఆ కన్నంలోంచి దించి, ఏది ఎంతసేపటికి అరుగుతుందో చూడసాగారు. కొవ్వు పదార్థాలు త్వరగా అరగవని 1833లో పుస్తకం రాశారు. పాపం, సెయింట్ మార్టిన్ మధ్యమధ్య విసిగి కెనడాలోని ఇంటికి పారిపోయేవాడు. 1880లో అతను పోతే, మళ్ళీ డాక్టర్ల చేతుల్లో పడకూడదని ఇంటివాళ్ళు శవం పాడయ్యేదాకా ఉంచి, లోతుగా పూడ్చిపెట్టారట!

ఆ కన్నంలోంచి కనిపించింది కడుపే. దాని పైనున్న తలుపు కాదు. అన్నవాహిక చివర ఒక కండరం ఉంది. మింగినప్పుడు తెరుచుకుని, ముద్ద దిగగానే బిగుసుకుంటుంది. అది వదులైతే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. మంట గుండెది కాదు, అన్నవాహికది.

1972లో నెబెల్, కాస్టెల్ అనే అమెరికన్ వైద్యులు ఆ బిగువును కొలిచి చూశారు. మాంసకృత్తులు తింటే పెరిగింది, కొవ్వు తింటే తగ్గింది. కొవ్వు చిన్నపేగును చేరగానే కొలిసిస్టోకైనిన్ అనే హార్మోను పుడుతుంది. పైత్యరసాన్ని రప్పించేదీ, కడుపును నిదానంగా ఖాళీ చేయించేదీ, పై తలుపును సడలించేదీ అదే.

అయితే నేరమంతా నూనెదేనా? 1998లో వెలువడిన ఒక పరిశోధనలో, కేలరీలు సమానంగా ఉంచి కొవ్వు మాత్రం పెంచితే ఆమ్లం ఎగదన్నడం పెరగలేదు. అంటే ఏం తిన్నామన్నదే కాదు, ఎంత తిన్నాం, తిన్నాక ఎంతసేపటికి పడుకున్నాం అన్నవీ లెక్కలోకొస్తాయన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు మన ఇల్లాళ్ళే గుర్తొచ్చారు. అందరికీ వడ్డించి, మిగిలిన గారెలు పారేయడానికి మనసొప్పక, ఏ పదిగంటలకో తిని, గిన్నెలు సర్ది వెంటనే నడుం వాల్చేది వాళ్ళే కదా! ఆ గారె రేపు ఉదయం దాకా ఆగినా కొంపేం మునగదు. భోజనానికీ పడకకీ రెండు మూడు గంటల ఎడం ఉండాలంటారు డాక్టర్లు. అందుకు ఇల్లాలు నలుగురితో పాటే కూర్చుని తింటే సరి.

ఒక్క మాట. ఛాతీ బరువెక్కి, చెమట పట్టి, ఊపిరాడకపోతే మాత్రం "గ్యాసేలే" అని మజ్జిగతో సరిపెట్టకండి. అప్పుడు మొర పెడుతున్నది నిజంగా గుండే కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.