కోరికకు తల

జపానుభాషలో కోరికకు ‘నెగాయి’ యని పేరు. దేవతలను ప్రసన్నులను జేసికొనుట యను నర్థముగల ‘నెగు’ అను ప్రాచీనక్రియనుండి పుట్టిన యీ మాట, ‘ఒనెగాయిషిమసు’ అను రూపమున నేడు అంగడిలో సరుకడుగువారి నోటను వినవచ్చుచున్నది. శోకము, క్రోధము, తలంపు అను వాని కంజి (జపానువారు వాడు చీనాలిపి) అక్షరముల క్రింద హృదయచిహ్నముండగా, దీనికి మాత్రము ఎడమవైపు ఉచ్చారణను దెలుపుటకై ఊటచిహ్నమును, కుడివైపు శిరస్సును గలవు. కోరికకు శిరస్సేల? ప్రాచీన చీనా నిఘంటువగు ‘షువోవెన్’ ఈ యక్షరమునకు ‘పెద్దతల’ యనియే యర్థము చెప్పినది. కోరిక యనునది ధ్వనిసామ్యమువలన ఎరువుగా వచ్చిన యర్థము.

సింగపూరున జపానుభాష నేర్చు తెలుగువారికి మఱియొక వింత గోచరించును: అచట 1969లో ఆరంభమై 1976 నాటికి స్థిరపడిన సరళ చీనాలిపిలో, ఇదే యక్షరమునకు శిరస్సు తొలగి, ఊటక్రింద హృదయము చేరినది. నాకా రూపమే మిక్కిలి ప్రియము. అయినను జపానుపాఠమున తలనే వ్రాయవలయును.