గనులలో రసాయన ప్రమాదాలు

గనులలోను, ఖనిజ శుద్ధి కర్మాగారాలలోను వాడే ఆమ్లాలు, క్షారాలు, సయనైడు, ఇంధనాలు, పేలుడు పదార్థాల ముడిసరుకులు నిల్వచేసిన చోట గానీ, రవాణాలో గానీ ఒలికిపోవడం వలన కలిగే ప్రమాదాలను గనులలో రసాయన ప్రమాదాలు అనవచ్చును. ఒలికిన పదార్థమేదో తెలియకుండా దానిని శుభ్రం చేయబూనడం వలన, పడిపోయిన తోటివారిని కాపాడడానికి తగిన రక్షణ సామగ్రి లేకుండా పరుగెత్తడం వలన ప్రాణనష్టం పెరుగుతుంది. ఒక పదార్థానికి పనికివచ్చే ఉపాయం మరొక పదార్థానికి అపాయం కావచ్చును.

తెలుగు ప్రాంతాలు, పొరుగు గనులు

సింగరేణి ఉపరితల బొగ్గు గనులలో అమ్మోనియం నైట్రేటుతో తయారయ్యే పేలుడు పదార్థాలు, డీజిలు, యంత్రాల నూనెలు వాడతారు. వైఎస్ఆర్ కడప జిల్లా తుమ్మలపల్లెలోని యురేనియం కర్మాగారంలో సోడియం కార్బనేటు, బైకార్బనేటులతో కూడిన క్షార విధానం అమలులో ఉంది. కర్ణాటకలో రాయచూరు జిల్లా హట్టి బంగారు గనులలో సయనైడు వాడతారు. తెలుగు కార్మికులు అనేకులు పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడినా, సయనైడుతో శుద్ధిచేసిన మట్టి గుట్టలు అక్కడ మిగిలిపోయాయి.

గనులు లేని ఊళ్ళకు కూడా ఈ ముప్పు ఉంది. నారాయణఖేడ్ ప్రాంతం మీదుగా సాగే సంగారెడ్డి - నాందేడ్ రహదారి వంటి దారులపై రసాయనాల ట్యాంకరు బోల్తాపడితే మొదట అక్కడికి చేరేది చుట్టుపక్కల గ్రామస్థులే.

మొదటి చర్యలు

* ఇతరులను హెచ్చరించి, గాలి వీచే దిశకు ఎదురువైపుగా, ఎత్తైన చోటికి వెళ్ళాలి. ఆవిరి మేఘంలో చిక్కుకున్నవారు ముందుగా గాలికి అడ్డంగా నడచి బయటపడాలి. గాలికంటే బరువైన ఆవిరులు పల్లపు ప్రదేశాలలోను, గోతులలోను నిలిచిపోతాయి.
* దూరం నుండే వాహనంపై గల ప్రమాద సూచిక పలకను చదవాలి. దానిపై ఉండే నాలుగు అంకెల ఐక్యరాజ్యసమితి సంఖ్య పదార్థాన్ని తెలుపుతుంది. 1830 గంధకామ్లాన్ని, 1689 సోడియం సయనైడును, 1942 అమ్మోనియం నైట్రేటును, 1202 డీజిలును సూచిస్తాయి.
* 112కు గానీ, అగ్నిమాపక దళం వారి 101కి గానీ ఫోను చేసి స్థలం, పలకపై గల సంఖ్య, గాయపడినవారి సంఖ్య చెప్పాలి.
* బీడీ, సిగరెట్టు వెలిగించరాదు. ఒలికినదానిని తొక్కరాదు, వాసన చూడరాదు.

పదార్థాన్ని బట్టి జాగ్రత్తలు

గంధకామ్లం: గాఢ ఆమ్లంపై కొద్దిగా నీరు పోస్తే విపరీతమైన వేడి పుట్టి ఆమ్లం చిమ్ముతుంది. పొడి మట్టితో గట్టు వేసి కాలువలోకి పోకుండా ఆపాలి. సున్నంతో తటస్థీకరించడం శిక్షణ పొందినవారి పని.

సోడియం సయనైడు: ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడు వాయువు వెలువడుతుంది. పొడి రూపంలో ఒలికితే నీళ్ళతో కడగరాదు. వానకు తడవకుండా ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. చేదు బాదం వాసనను బట్టి వాయువును గుర్తించవచ్చునని చెబుతారు గానీ, చాలామందికి ఆ వాసన తెలియదు.

అమ్మోనియం నైట్రేటు: డీజిలును పీల్చడానికి రంపపుపొట్టు వాడడం కద్దు. అమ్మోనియం నైట్రేటుపై దానిని చల్లరాదు. రంపపుపొట్టు, నూనెలు వంటి మండే పదార్థాలు కలిస్తే మంటలకు, పేలుడుకు ఆస్కారం ఏర్పడుతుంది.

ప్రథమ చికిత్స

ఆమ్లం గానీ, క్షారం గానీ శరీరంపై పడితే తడిసిన బట్టలు విప్పి, కనీసం 15 నుండి 20 నిమిషాలు ధారగా నీటితో కడగాలి. కళ్ళకు కూడా ఇదే చికిత్స. నేలపై ఒలికిన ఆమ్లానికి నీరు వద్దన్నామని శరీరం కడగడానికి సంకోచించరాదు. సయనైడు సోకినవారికి నోటితో నోటిలోకి శ్వాస అందించరాదు, అందించేవారికి కూడా విషం సోకుతుంది. వెంటనే 108 అంబులెన్సును పిలిచి, పదార్థం పేరును వైద్యునికి తెలపాలి.

హెచ్చరిక ప్రాముఖ్యం

2000 జనవరి 30న రుమేనియాలోని బాయా మారే వద్ద బంగారు శుద్ధి వ్యర్థాల చెరువు కట్ట తెగి, సుమారు 1,00,000 ఘనపు మీటర్ల సయనైడు నీరు నదులలో కలిసింది. చేపలు పెద్దయెత్తున చనిపోయాయి. అయితే దిగువనున్న హంగేరీకి ముందే సమాచారం అందడంతో అక్కడి అధికారులు జాగ్రత్తపడగలిగారు. విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఇది గని కాకపోయినా పాఠం ఒక్కటే. ఆనాడు కర్మాగారంలోని సైరన్లు మోగలేదు, నిద్రలో ఉన్న గ్రామస్థులకు హెచ్చరిక అందలేదు.

నియమాలు

నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే సంస్థలు ఆవరణలోపలి అత్యవసర ప్రణాళికను సిద్ధం చేయాలని 1989 నాటి కేంద్ర నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఆవరణ వెలుపలి ప్రజల కొరకు వేరొక ప్రణాళిక ఉండాలి. రసాయన ప్రమాదాలపై 1996లో వెలువడిన నియమాల ప్రకారం జిల్లా స్థాయిలో కూడా సంక్షోభ బృందాలు ఏర్పడతాయి. గనులలో భద్రతను ధన్‌బాద్ కేంద్రంగా గల గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది. సైరను మోగితే ఏమి చేయాలో, ఏ దారిన వెళ్ళాలో సమీప గ్రామస్థులకు, పాఠశాలలకు ముందుగా తెలిపి అభ్యాసం చేయించినప్పుడే ఈ ప్రణాళికల వలన ప్రయోజనం కలుగుతుంది.