బ్రిక్ లేన్ చర్చి పాఠశాల: పారిష్ భావన, అంతఃకరణ నిబంధన, వలస కుటుంబాల పిల్లలు

తూర్పు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ ప్రాంత చరిత్రను వివరించే రచనలన్నీ దాదాపుగా ఒకే భవనంతో మొదలవుతాయి. బ్రిక్ లేన్, ఫోర్నియర్ వీధులు కలిసే మూలన ఉన్న ఆ భవనాన్ని 1743లో ఫ్రెంచి ప్రొటెస్టెంట్లైన హ్యూగనాట్లు తమ ప్రార్థనాలయంగా కట్టుకున్నారు. 1809లో అది యూదులను క్రైస్తవంలోకి తీసుకురావడానికి ఏర్పడిన సంఘం చేతికి, 1819లో మెథడిస్టుల చేతికి వచ్చింది. 19వ శతాబ్దం ముగిసేనాటికి యూదుల సినగాగ్ అయింది, 1976లో మసీదు అయింది. ఒకే కప్పు కింద ఇన్ని మతాలు వరుసగా నిలిచిన ఈ వృత్తాంతాన్ని లండన్ సహనశీలతకు నిదర్శనంగా చూపడం పరిపాటి. అయితే ఆ భవనం మారిన ప్రతిసారీ ఒక సమూహం వెళ్లిపోయాకే మరో సమూహం ప్రవేశించింది. అక్కడ జరిగింది సహజీవనం కాదు, యాజమాన్య బదిలీ.

దానికి కొద్ది అడుగుల దూరంలో, అదే వీధిలో, క్రైస్ట్ చర్చ్ ప్రాథమిక పాఠశాల ఉంది. దాని యాజమాన్యం మారలేదు. మొదటినుంచీ అది ఆంగ్లికన్ చర్చి పాఠశాలే, నేటికీ అంతే. మారింది బల్లలపై కూర్చునే పిల్లలు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం ఆరంభంలో అక్కడ యూదు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివారు. ఇటీవలి దశాబ్దాల్లో అత్యధికులు బంగ్లాదేశ్ మూలాలున్న ముస్లిం కుటుంబాల పిల్లలు. పాఠశాల ముందుభాగంలోని వాననీటి గొట్టంపై దావీదు నక్షత్రం గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక క్రైస్తవ పాఠశాలలో అన్యమతస్థుల పిల్లలు తరతరాలుగా ఎలా చదవగలిగారు? మతప్రచారం అని ఒకరు, ఔదార్యం అని మరొకరు దీనికి సమాధానం చెబుతారు. ఈ రెండూ సరిపోవని, పారిష్ అనే పాలనా భావన, 1870 నాటి ఒక చట్ట నిబంధన, పాఠశాల ఆర్థిక అవసరాలు కలిసి ఈ స్థితిని సృష్టించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పారిష్: సంఘమా, భూభాగమా?

తెలుగు కతోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు. ఇంగ్లండ్‌లో ఆ పదానికి ఆధ్యాత్మికార్థం కంటే భౌగోళికార్థం బలమైనది. ప్రభుత్వం గుర్తించిన మతసంస్థగా ఆంగ్లికన్ చర్చి దేశాన్నంతటినీ పారిష్‌లుగా విభజించుకుంది. పేదలకు సాయం, జనన మరణాల నమోదు, శవఖననం వంటి పనులు శతాబ్దాల పాటు పారిష్ ద్వారానే సాగాయి. అందువల్ల ఒక పారిష్ పరిధిలో నివసించే ప్రతి మనిషీ, ఆరాధనకు వచ్చినా రాకున్నా, సిద్ధాంతరీత్యా ఆ పారిష్ బాధ్యతే.

స్పిటల్‌ఫీల్డ్స్ తొలుత స్టెప్నీ పారిష్‌లో ఒక శివారు పల్లె. 1685లో నాంట్ శాసనం రద్దయ్యాక ఫ్రాన్సు నుంచి వచ్చిన పట్టు నేతగాళ్లు అక్కడ స్థిరపడ్డారు. వారికి సొంత ఫ్రెంచి ప్రార్థనాలయాలుండేవి. 1711లో పార్లమెంటు లండన్‌కు యాభై కొత్త చర్చిలు కట్టాలని చట్టం చేసినప్పుడు, ఇలాంటి పేటల్లో అధికారిక మతం ఉనికిని చాటడం కూడా దాని ఉద్దేశాల్లో ఒకటి. నికొలస్ హాక్స్‌మూర్ రూపకల్పనలో 1714లో మొదలైన క్రైస్ట్ చర్చి 1729లో పూర్తయింది. అప్పుడే స్పిటల్‌ఫీల్డ్స్ ప్రత్యేక పారిష్ అయింది. పాఠశాల మూలాలు ఆ కాలపు ధర్మ పాఠశాలల్లో ఉన్నాయి. పేద పిల్లలకు చదవడం, రాయడం, క్రైస్తవ ప్రశ్నోత్తర బోధ నేర్పి ఏదో ఒక వృత్తిలో పెట్టడం ఆ బడుల లక్ష్యం. నేటి భవనం 1873-74 నాటిది.

పేదలకు 'అధికారిక చర్చి సూత్రాల ప్రకారం' విద్య నేర్పే లక్ష్యంతో 1811లో నేషనల్ సొసైటీ ఏర్పడింది. ఆ పేరులోనే రెండు ఆశయాలు పరస్పరం ఘర్షిస్తున్నాయి: అందరికీ విద్య, అది చర్చి సూత్రాల ప్రకారం. 1833లో ప్రభుత్వం పాఠశాల భవనాలకు తొలిసారి 20,000 పౌండ్లు కేటాయించింది. నేషనల్ సొసైటీకీ, ప్రధానంగా అసమ్మత క్రైస్తవులు బలపరచిన బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీకీ మాత్రమే ఆ సొమ్ము దక్కింది. బడి ఒక్కటే ఉన్న ఊళ్లలో మెథడిస్టు, బాప్టిస్టు పిల్లలు కూడా ఆంగ్లికన్ ప్రశ్నోత్తరాలు వల్లించవలసి వచ్చేది. పన్నుల సొమ్ము తీసుకుంటున్న బడి ఇలా చేయవచ్చునా అన్న వివాదం 1860 దశకంలో ప్రభుత్వ విద్యాశాఖకూ నేషనల్ సొసైటీకీ మధ్య తీవ్రమైంది. టాంటన్ ఆర్చిడీకన్ జార్జ్ డెనిసన్ వంటి మతాధికారులు ఏ మినహాయింపునూ అంగీకరించలేదు. బోధన నుంచి మతాన్ని విడదీయడమంటే పాఠశాలను చంపడమేనన్నది వారి దృష్టి.

గోడమీది కాలపట్టిక

1870 ప్రాథమిక విద్యాచట్టంలోని 7వ సెక్షన్ ఈ వివాదాన్ని ముగించింది. విద్యా చరిత్రకారులు సాధారణంగా 14వ సెక్షన్ గురించే ఎక్కువగా రాస్తారు. కౌపర్-టెంపుల్ నిబంధనగా పేరుపొందిన ఆ సెక్షన్, బోర్డు పాఠశాలల్లో ఏ శాఖకూ ప్రత్యేకమైన మతబోధ ఉండరాదని చెప్పింది. కాని అది చర్చి పాఠశాలలకు వర్తించదు. మన పాఠశాలకు వర్తించింది 7వ సెక్షన్, అంటే 'అంతఃకరణ నిబంధన'. ప్రభుత్వ సాయం పొందే ప్రతి ప్రాథమిక పాఠశాలా దానికి బద్ధమే.

దానిలోని అంశాలు చాలా ఆచరణాత్మకమైనవి. ఆదివారపు బడికి గాని ప్రార్థనాలయానికి గాని వెళ్లాలన్న షరతుతో ఏ పిల్లనూ, పిల్లవాణ్నీ చేర్చుకోకూడదు. మతబోధ బడిపూట ఆరంభంలోనో చివరలోనో మాత్రమే ఉండాలి. ఆ వేళలు తెలిపే కాలపట్టికను తరగతి గదిలో అందరికీ కనిపించేలా శాశ్వతంగా అతికించాలి. తల్లిదండ్రులు కోరితే ఆ వేళల్లో పిల్లలను తప్పించవచ్చు, దానివల్ల మిగతా చదువుకు నష్టం కలగరాదు. తనిఖీ అధికారి మతబోధ గురించి ప్రశ్నించడు. మతాన్ని ఈ చట్టం బడి నుంచి బహిష్కరించలేదు, గడియారంలో ఒక మూలకు జరిపింది. మిగిలిన వేళ అంతా లెక్కలు, చదువు, రాత, కుట్టుపనులది. నా దృష్టిలో స్పిటల్‌ఫీల్డ్స్‌లో జరిగిన మార్పులకు కీలకం ఈ కాలవిభజనలోనే ఉంది.

మరొక విషయం గమనార్హం. ఈ నిబంధన రచయితల మనసులో ఉన్నది ప్రధానంగా గ్రామీణ మెథడిస్టు, బాప్టిస్టు కుటుంబాలు. క్రైస్తవుల అంతర్గత కలహాన్ని సర్దడానికి రాసిన ఆ వాక్యం కిందనే తర్వాత రష్యా నుంచి వచ్చిన యూదు పిల్లలు, ఆ తర్వాత సిల్హెట్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఆశ్రయం పొందారు.

1881లో జార్ చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్యానంతర దాడులతో రష్యా సామ్రాజ్యం నుంచి యూదుల వలస ఉధృతమైంది. స్పిటల్‌ఫీల్డ్స్, వైట్‌చాపెల్ పేటలు కొద్ది ఏళ్లలో యూదు పేటలయ్యాయి. వారికి సొంత పాఠశాలలు లేకపోలేదు. దగ్గరలోని బెల్ లేన్‌లో ఉన్న యూదుల ఉచిత పాఠశాలలో 1900 ప్రాంతంలో నాలుగు వేలమందికి పైగా పిల్లలుండేవారు. దాన్ని 1817లో ప్రారంభించడానికి ఒక కారణం, పేద యూదు పిల్లలను ఆకర్షిస్తున్న క్రైస్తవ మిషన్ బడుల భయమే. అటువంటి జ్ఞాపకం ఉన్న సమాజంలోని తల్లిదండ్రులు చర్చి బడిని నమ్మడానికి మతాధికారి మంచితనం ఒక్కటే చాలదు. బడి ఇంటికి దగ్గర, ఖాళీలున్నాయి, మతబోధ వేళ గోడమీద రాసి ఉంది, పిల్లవాణ్ని తప్పించే హక్కు చట్టంలో ఉంది. సాయంత్రం బడి విడిచాక వారు పిల్లలను 'ఖెదెర్' అనే హీబ్రూ బడికి పంపేవారు. ఒక శతాబ్దం తర్వాత అదే వీధుల్లో బంగ్లాదేశ్ కుటుంబాల పిల్లలు బడి ముగిశాక ఖురాన్ పఠనానికి వెళ్లడంలో కనిపించేదీ ఇదే కాలవిభజన.

చర్చి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 1862 సవరణ నియమావళి నుంచి ప్రభుత్వ నిధులు పిల్లల హాజరుతోనూ పరీక్షా ఫలితాలతోనూ ముడిపడ్డాయి. 1890 దశకంలో ఈ పద్ధతి సడలే వరకు ఖాళీ బల్ల అంటే తగ్గిన సొమ్మే. బోర్డు పాఠశాలలకు స్థానిక పన్నుల ఆదాయం ఉండేది. చర్చి పాఠశాలలకు 1902 చట్టం వచ్చేవరకు అది లేదు, చందాలు, రుసుములు, నిధుల మీదే నడవాలి. ఆంగ్లికన్ కుటుంబాలు తగ్గిపోయిన పారిష్‌లో బడిని మూసివేయడమో, పొరుగునున్న వారి పిల్లలకు చదువు చెప్పడమో తప్ప మరో మార్గం లేదు.

ఇక్కడ ఆంధ్రదేశానికి సంబంధించిన ఒక పోలిక అవసరం. ఇదే ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పాఠశాల స్థాపించాడు. అగ్రవర్ణ కుటుంబాలు ఇంగ్లీషు చదువు కోసం పిల్లలను పంపాయి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోవడంతో బడి ఒక్కసారిగా ఖాళీ అయింది. 1854 నాటి ఉడ్ పత్రం లౌకిక విద్యకు గ్రాంటు ఇస్తామని, తనిఖీ అధికారులు మతబోధను పట్టించుకోరని చెప్పింది. ఆ రెండో అంశం 1870 చట్టాన్ని గుర్తుచేస్తుంది. కాని పిల్లలను మతబోధ నుంచి తప్పించే హక్కును ఆ పత్రం తల్లిదండ్రులకు ఇవ్వలేదు. స్పిటల్‌ఫీల్డ్స్ యూదు తండ్రికి ఉన్న చట్టపు పూచీ మచిలీపట్నం తండ్రికి లేదు, బడి మాన్పించడమొక్కటే అతని చేతిలోని ఆయుధం. ఒకే చర్చి, ఒకే సామ్రాజ్యం, రెండు భిన్న ఫలితాలు. మిషనరీ విద్యను వ్యక్తుల స్వభావాలతో వివరించే మన అలవాటుకు ఈ పోలిక ఒక హెచ్చరిక.

1944 తర్వాత

1944 విద్యాచట్టం చర్చి పాఠశాలలను మూడు తరగతులు చేసింది. మనకు పరిచితమైన 'ఎయిడెడ్' అన్న మాట అక్కడా ఉంది. వాలంటరీ ఎయిడెడ్ తరగతిలో చర్చి భవనాల ఖర్చులో సగం భరించాలి, బదులుగా మతబోధ, ప్రవేశాలు, ఉపాధ్యాయ నియామకాలు దాని చేతిలో ఉంటాయి. చర్చి వాటా క్రమంగా తగ్గి నేడు పదోవంతుకు చేరినా అధికారాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. క్రైస్ట్ చర్చ్ ఈ తరగతిలోనిదే.

సిల్హెట్ ప్రాంతపు నావికులు మొదట ఒంటరిగా వచ్చి ఈ పేటలో నిలిచారు. 1970, 80 దశకాల్లో వారి భార్యాపిల్లలు వచ్చారు. అది భయం నిండిన కాలం. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే యువ దుస్తుల కార్మికుడు వైట్‌చాపెల్‌లో జాత్యహంకార దాడిలో హతుడయ్యాడు. ఆ నెలలోనే వేలాదిమంది శవపేటిక వెంట ప్రధాని నివాసం వరకు నడిచారు. 1980 దశకం చివర టవర్ హామ్లెట్స్‌లో వందలమంది బంగ్లాదేశీ పిల్లలకు ఏ బడిలోనూ చోటు దొరకలేదు. నడిచి వెళ్లగల దూరంలో ఒక బడి ఉండటమన్నది ఆ తల్లులకు ఎంతటి విషయమో ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది.

ఇదే కాలంలో ఇదే బరోలో భిన్నమైన నమూనా కూడా కనిపిస్తుంది. బిషప్ చాలొనర్ రోమన్ కతోలిక బాలికల ఉన్నత పాఠశాలలో ప్రవేశం నిరాకరించబడిన ఒక ముస్లిం బాలిక, ఒక హిందూ బాలిక తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. దరఖాస్తులు సీట్లను మించినప్పుడు కతోలికులకు ప్రాధాన్యమివ్వడం చట్టసమ్మతమేనని 1992లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పునిచ్చింది. దీన్ని కేవలం సంకుచితత్వంగా చూడటం చరిత్రకు అన్యాయం. ఇంగ్లండ్‌లో కతోలిక బడులు ప్రధానంగా ఐరిష్ వలసకూలీలు తమ పిల్లల కోసం పైసా పైసా కూడబెట్టి కట్టుకున్నవి, వాటి పునాది సంఘం. ఆంగ్లికన్ పారిష్ బడి పునాది భూభాగం. అయితే ఆంగ్లికన్ బడులన్నీ ఆ భావనకు కట్టుబడి లేవన్నదీ నిజం. గిరాకీ ఎక్కువున్న చోట్ల ఆరాధనకు హాజరును ప్రవేశ ప్రమాణంగా పెట్టుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఎయిడెడ్ హోదా రెండు మార్గాలనూ అనుమతిస్తుంది.

1988 విద్యా సంస్కరణ చట్టం మరొక వైచిత్రిని తెచ్చింది. ప్రభుత్వ యాజమాన్య పాఠశాలల్లో సామూహిక ప్రార్థన ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలంది. పిల్లల కుటుంబ నేపథ్యాన్ని బట్టి స్థానిక మతవిద్యా సలహామండలి నుంచి మినహాయింపు పొందే వీలునూ కల్పించింది. చర్చి పాఠశాలలకు ఈ మినహాయింపు వర్తించదు, వాటి ప్రార్థన వాటి ధర్మకర్తృత్వ పత్రాలను అనుసరించాలి. కనుక ముస్లిం పిల్లలే అధికంగా ఉన్న రెండు పొరుగు బడుల్లో ప్రభుత్వ బడి క్రైస్తవేతర ప్రార్థనకు అనుమతి పొందవచ్చు, చర్చి బడి పొందలేదు. అక్కడి తల్లిదండ్రులకు మిగిలేది 1870 నుంచి వస్తున్న పాత హక్కే: పిల్లను ఆ వేళకు తప్పించడం.

ఈ హక్కు పరిమితి పాలక మండలి కూర్పులో స్పష్టమవుతుంది. వాలంటరీ ఎయిడెడ్ పాఠశాలలో తల్లిదండ్రుల ప్రతినిధులు ఎన్నికవుతారు, వారు ఏ మతస్థులైనా కావచ్చు. కాని చర్చి నియమించే ఫౌండేషన్ సభ్యులు మిగతా అందరి కంటే అధిక సంఖ్యలో ఉండాలన్నది చట్టం. అంతఃకరణ నిబంధన యూదు తండ్రికైనా, సిల్హెటీ తల్లికైనా ఇచ్చింది బయటికి జరిగే స్వేచ్ఛ. బడిని నడిపే మండలిలో ఆధిక్యం నేటికీ చర్చిదే.