పక్క లోకానికి దారి

ఒక లోకం నుంచి దాని పక్కనున్న మరో లోకానికి ప్రయాణించే సాహస నవలలను పిల్లల కాలక్షేపమని తోసివేయడం తేలిక. కాని ఈ ఊహకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక జైలుగది కూడా ఉంది.

1871 మార్చి 17న, పారిస్ శ్రామికులు తిరగబడడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు, ఫ్రెంచి ప్రభుత్వం విప్లవకారుడు ఆగస్ట్ బ్లాంకీని నిర్బంధించింది. కమ్యూన్ పుట్టి, నెత్తుట మునిగిన కాలమంతా ఆయన బందీయే. బ్రిటనీ తీరాన సముద్రం మధ్యనున్న తోరో కోటలో ఆయన రాసిన ఖగోళ గ్రంథం 1872లో వెలువడింది. అందులోని వాదం ఇది: మూలకాలు పరిమితం, విశ్వం అనంతం, కనుక మన భూమి వంటి భూములు లెక్కలేనన్ని ఉండక తప్పదు. ఇక్కడ మనిషి వదిలిన దారిని అక్కడ మరొకడు పట్టి ఉంటాడు. జరిగినదొక్కటే జరగవలసినది కాదన్న గొప్ప భావం ఇందులో ఉంది. ఐతే, ప్రగతి ఏ భూమికాభూమి మీదనే బందీ అన్న నిరాశతోనే బ్లాంకీ ముగించాడు.

ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ఈ ఊహ వేరే దారి పట్టింది. 1948లో ఎచ్. బీమ్ పైపర్ ప్రారంభించిన 'పారాటైమ్' కథలలో, తన భూమి సంపదను తినివేసిన ఒక నాగరికత, పక్క లోకాలను రహస్యంగా పిండుకొని బతుకుతుంది. ఆ రహస్యాన్ని కాపాడేందుకు దానికొక పోలీసు దళం! వలసదోపిడీకి ఇంతకంటె స్పష్టమైన చిత్రం ఏముంటుంది? 1956లో ఆండ్రి నార్టన్ యువకుల కోసం రాసిన 'ది క్రాస్‌రోడ్స్ ఆఫ్ టైమ్'లో, పరలోకాన్ని చేజిక్కించుకోజూసేవాడు ప్రతినాయకుడు. దురాక్రమణ నేరమని నవల ఒప్పుకున్నది. కాని దాన్ని అడ్డగించే భారం ఆ లోకపు ప్రజలది కాదు, పైనుంచి వచ్చిన రక్షకులది.

ఇంగ్లండులో ఫిలిప్ పుల్మన్ 1995–2000 మధ్య వెలువరించిన మూడు నవలలు ఈ లోపాన్ని దిద్దాయి. లోకాల మధ్య కిటికీలు కోసే కత్తిని ఒక నగరపు పండితులు దొంగతనాలకు వాడుకున్నారు. కోసిన ప్రతి కిటికీ నుంచీ ఒక పిశాచం పుట్టి, చివరకు ఆ నగరాన్నే పాడుపెట్టింది. ఆ కత్తి చేతికందిన బాలుడు విల్, అతని నేస్తం లైరా, ఆఖరున కిటికీలను మూసివేయాలని తెలుసుకుంటారు. విడిపోవడం ఎంత బాధైనా, ఎవరి లోకంలో వారు న్యాయమైన సమాజాన్ని కట్టుకోవలసిందేనని నిశ్చయిస్తారు.

సమాంతర లోకాల కథను చదివే విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ కథ మరో లోకాన్ని దేనికి చూపుతున్నది? దోచుకొనేందుకా, దాగుకొనేందుకా, లేక ఈ లోకం మార్చరానిది కాదని గుర్తుచేసేందుకా? మూడవ పని చేసిన కథ పిల్లలదైనా సరే, అది మన సాహిత్యమే.