ఆబ్కారీ నుంచి ప్రభుత్వ దుకాణం దాకా: తణుకు నేపథ్యంగా మద్యవ్యాపారంలో రాజ్యం పాత్ర

1. ఉపోద్ఘాతం:
మద్యవ్యాపారాన్ని 'ప్రభుత్వపరం', 'ప్రైవేటుపరం' అని విభజించి చర్చించడం పరిపాటి. గోదావరి డెల్టా చరిత్రను పరిశీలిస్తే, మద్యం అమ్మే హక్కుపై అధికారం 1886 నుంచీ రాజ్యానిదేననీ, కాలక్రమంలో మారింది అమ్మకందారేననీ తెలుస్తుంది. తణుకు ప్రాంతం నేపథ్యంగా ఈ పరిణామాన్ని వివరించడమే వ్యాసోద్దేశం.

2. చెట్టుపన్ను - వేలంపాట:
1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద సారా తయారీ, అమ్మకాల హక్కును ప్రభుత్వం గుత్తకిచ్చేది. దుకాణాలను వేలం వేసేది. కల్లుకు చెట్టుపన్ను విధించేది. తణుకు పరిసరాల్లో పొలంగట్టు మీది తాడిచెట్టు రైతుది; గీసే నేర్పు గీతకార్మికుడిది. అయినా పన్ను కట్టనిదే గీయరాదు, దుకాణం పాడుకోనిదే అమ్మరాదు.

3. నిషేధం - పునరుద్ధరణ:
1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. దానితో డెల్టాలోని గీతకార్మికులు కులవృత్తికి దూరమయ్యారు. ఆంధ్రరాష్ట్రంలో ఇదే అంశంపై 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1968 నాటి ఎక్సైజు చట్టం లైసెన్సు విధానానికి తిరిగి దారితీసింది.

4. టోకు నుంచి చిల్లరకు:
1986లో ఏర్పడిన బేవరేజెస్ కార్పొరేషన్ ద్వారా టోకు వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మద్యమంతా నిషిద్ధమయ్యాయి. 1997లో ఆ నిషేధం సడలింది.

2019 అక్టోబరు 1న ప్రభుత్వం చిల్లర దుకాణాలను సైతం స్వయంగా నిర్వహించడం ప్రారంభించింది. దశలవారీ నిషేధమే లక్ష్యమని ప్రకటించి, 4,380 దుకాణాలను 3,500కు తగ్గించింది. 2020 మే నెలలో ధరలను రెండు విడతల్లో 75 శాతం పెంచింది. అయితే 2022లో కార్పొరేషన్ భావి మద్యాదాయం ఆధారంగా 8 వేల కోట్ల రూపాయలకు పైగా బాండ్ల ద్వారా సేకరించింది. తగ్గించదలచిన అమ్మకమే అప్పుకు ఆధారమైంది. ఈ వైరుధ్యం ఆ విధానంలోనే ఇమిడి ఉంది.

2024 అక్టోబరు 16 నుంచి లాటరీలో ఎంపికైన ప్రైవేటు వ్యక్తుల 3,396 దుకాణాలు అమల్లోకి వచ్చాయి. టోకు మాత్రం కార్పొరేషన్ వద్దే నిలిచింది. గీతకులాలకు అదనంగా 10 శాతం దుకాణాలు కేటాయించారు.

5. ముగింపు:
వేలంపాట, కార్పొరేషన్, ప్రభుత్వ దుకాణం, లాటరీ - ఈ నాలుగు పద్ధతుల్లోనూ ఆదాయం రాజ్యానికి చేరింది. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యపానాన్ని నిషేధించే దిశగా కృషిచేయమంటుంది. ఖజానా అమ్మకాలపై ఆధారపడుతుంది. కనుక దుకాణం ఎవరిదన్న ప్రశ్న కన్నా, ఆదాయాన్నీ నియంత్రణనూ ఒకే యంత్రాంగానికి అప్పగించవచ్చా అన్నదే పరిశోధకులు పరిశీలించవలసిన ప్రశ్న. ఒకప్పుడు చెట్టుపన్ను కట్టిన గీతకార్మికుల వారసులు నేడు సీసామద్యం లైసెన్సుదారులు కావడం ఈ చరిత్రలో విడిగా అధ్యయనం చేయదగిన అంశం.